హక్కుల పత్రం రాయించుకోవాలంటే: కన్సల్టెంట్‌ను పిలిచే ముందు, పిలిచాక

ఉమ్మడి వరంగల్‌లో నాలుగు సంఘాలు ఒకచోట కూర్చుంటే "మన ప్రాంతానికంటూ ఒక మానవ హక్కుల ఫ్రేమ్‌వర్క్ ఉండాలె" అనే మాట రాక మానదు. ఆ వెనకే "ఎవరన్న మంచి కన్సల్టెంట్‌కు అప్పజెప్పుదాం" అనే మాట కూడా వస్తుంది. ఈ రెండు మాటల నడుమ చేయాల్సిన పని ఒకటుంది. పత్రాన్ని ఎవరు ఆమోదిస్తారు, ఆమోదించాక ఏ ఆఫీసు మీద ఏ బాధ్యత పడుతుంది అన్నది ముందే తేల్చుకోవాలి. అది తేల్చకుండా మనిషిని పెట్టుకుంటే ఆర్నెల్ల తర్వాత చేతికి వచ్చేది నలభై పేజీల స్పైరల్ బైండింగ్. కన్సల్టెంట్ చట్టం వెతికి పెడతారు, సభ నడుపుతారు, వాక్యం కూరుస్తారు. బాధ్యత ఒప్పుకోవాల్సింది మాత్రం వేరేవాళ్లు. వాళ్లను ఒప్పించే పనిని కన్సల్టెంట్ నెత్తిన పెట్టడంతోనే చాలా ప్రయత్నాలు మొదట్లోనే దెబ్బతింటాయి.

ముందు హద్దులు గీసుకోవాలి. ఉమ్మడి వరంగల్ అంటే వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి అని అలవాటుగా అనేస్తాం. భూపాలపల్లి జిల్లాలోని కాటారం, మహదేవపూర్, మహాముత్తారం మండలాలు మాత్రం ఒకప్పటి కరీంనగర్ జిల్లావి. 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా, వరంగల్ రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. ములుగు 2019 ఫిబ్రవరిలో విడి జిల్లా అయింది, 2016 నుంచి అప్పటిదాకా దాని లెక్కలు భూపాలపల్లి కింద ఉంటాయి. పాత నివేదికలో "వరంగల్ జిల్లా" అని కనిపించిన అంకెను తెచ్చి ఇప్పటి వరంగల్ జిల్లాకు అంటించడం చాలా ముసాయిదాల్లో కనబడే తప్పు. కాబట్టి టీఓఆర్‌లో (కన్సల్టెంట్ చేయాల్సిన పని, షరతులు రాసిచ్చే కాగితంలో) ప్రాంతం పేరు రాసి ఊరుకోకుండా మండలాల జాబితా జతచేయండి.

రెండోది, ఈ పత్రానికి ఉండే బలమెంత? జిల్లా స్థాయిలో రాసుకునే ఫ్రేమ్‌వర్క్ కొత్త హక్కును పుట్టించలేదు. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 2(1)(డి) ప్రకారం మానవ హక్కులంటే రాజ్యాంగం హామీ ఇచ్చిన, లేదా అంతర్జాతీయ ఒడంబడికల్లో ఉండి మన కోర్టులు అమలు చేయగల జీవన, స్వేచ్ఛా, సమానత్వ, గౌరవ హక్కులు. ఉన్న ఈ హక్కుకు ఎవరు, ఎప్పటిలోగా, ఎక్కడ జవాబు చెప్పాలో ఒకచోట రాసి, ఆ జవాబు చెప్పాల్సినవాళ్లతో సంతకం పెట్టించడమే ప్రాంతీయ పత్రం చేయగల పని. అది చిన్న పనేం కాదు.

సంతకం దారులు కూడా నాలుగైదే ఉన్నాయి. గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ కౌన్సిల్ తీర్మానం, జిల్లా పరిషత్ తీర్మానం, గ్రామసభ తీర్మానం, కలెక్టర్ ప్రొసీడింగ్స్ (రాతపూర్వక ఉత్తర్వు), సంఘాల మధ్య ఉమ్మడి ఒప్పందం. ఒక కలెక్టర్ ప్రొసీడింగ్స్ పక్క జిల్లాలో చెల్లవు. ఆరు జిల్లాలంటే ఆరు ప్రొసీడింగ్స్. ఏటూరునాగారం, తాడ్వాయి వంటి ఐదో షెడ్యూల్ (ఆదివాసీ) ప్రాంతాల్లో, అక్కడికి పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 పెసా చట్టం కింద గ్రామసభకు సొంత అధికారం ఉంది, అక్కడ మండల స్థాయి సమావేశం పెట్టి "గ్రామాల అభిప్రాయం" అని రాస్తే కుదరదు. కౌన్సిల్ తీర్మానం మీద ఆధారపడేటట్టయితే పాలకవర్గం గడువు ఎప్పుడు ముగుస్తుందో కేలండర్ మీద రాసుకోండి. ముసాయిదా తయారయ్యే నాటికి కౌన్సిలే లేకపోతే ఎవరి దగ్గరికి పోతారు?

పరాయి నమూనాల గురించి ఒక మాట. ప్రాంతీయ హక్కుల వ్యవస్థ అనగానే కన్సల్టెంట్లు 1950 యూరప్ కన్వెన్షన్, 1969 అమెరికా ఖండాల కన్వెన్షన్, 1981 ఆఫ్రికా చార్టర్ తీసి ముందు పెడతారు. చదవాల్సినవే. ప్రజాసమూహాల హక్కులు, అభివృద్ధి, పర్యావరణం మీద ఆఫ్రికా చార్టర్‌లోని 22, 24 అధికరణాలు గోదావరి ఒడ్డు ఊళ్లకు బాగా పనికొస్తాయి. అయితే ఇవన్నీ దేశాల మధ్య ఒప్పందాలు, వాటి వెనక కోర్టులున్నాయి. దక్షిణాసియాకు అలాంటి కోర్టు లేదు. ఇక్కడి దేశాల కూటమి సార్క్ దగ్గర 2002 నాటి మానవ రవాణా నిరోధ ఒప్పందం, 2004 నాటి సోషల్ చార్టర్ ఉన్నాయి గానీ వ్యక్తి వెళ్లి ఫిర్యాదు చేసే చోటు లేదు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ 2012లో చేసిన మానవ హక్కుల ప్రకటనను మాత్రం జాగ్రత్తగా చూడాలి. అందులో 7వ అధికరణం హక్కుల అమలును "ప్రాంతీయ, జాతీయ సందర్భాన్ని" బట్టి చూడాలంటుంది, 8వది దాదాపు అన్ని హక్కులకూ ఒకే పరిమితి తగిలిస్తుంది. ఈ తరహా గంపగుత్త పరిమితి నిబంధన మన పత్రంలోకి వస్తే, మిగిలిన పేజీలన్నిటినీ ఆ ఒక్కటే తినేస్తుంది. మన రాజ్యాంగంలో 19వ అధికరణం పరిమితులు హక్కును బట్టి విడివిడిగా ఉన్నాయి. అంతకన్నా ఎక్కువ కోత మనంతట మనం పెట్టుకోవాల్సిన పనిలేదు.

టీఓఆర్ అసలు గుండె: ఏడు గళ్ల పట్టిక

ముందుమాట, లక్ష్యాలు, నిర్వచనాలు ఎవరు రాసినా ఒకేలా ఉంటాయి. కన్సల్టెంట్‌కు మనం పైసలు పెట్టేది పట్టిక కోసం. ఏడు గళ్లు: హక్కు, చట్టపు ఆధారం, బాధ్యుడైన అధికారి హోదా, గడువు, ఫిర్యాదు చేసే చోటు, అమలును కొలిచే సూచిక, ఆ లెక్క దొరికే చోటు. ఏ గడి ఖాళీగా ఉన్నా ఆ వరుస పూర్తయినట్టు లెక్కకాదని టీఓఆర్‌లోనే రాయండి.

ఒక వరుసలో ముఖ్యమైన గళ్లు ఎట్లా ఉండాలో చూడండి. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, దాని 1995 నిబంధనల్లో 17వ నిబంధన. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ. మూడు నెలలకు కనీసం ఒకసారి సమావేశం. సూచిక: గడిచిన నాలుగు త్రైమాసికాల్లో ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎన్ని కేసుల్లో అరవై రోజుల్లోపు చార్జిషీటు పడింది. లెక్క దొరికే చోటు: సమావేశాల మినిట్స్, సమాచార హక్కు దరఖాస్తు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2012లో తెచ్చిన మార్గదర్శి సూచికలను మూడు రకాలు చేస్తుంది: వ్యవస్థ ఉందా, ప్రక్రియ నడుస్తోందా, ఫలితం వచ్చిందా. కమిటీ వేశారా, మూడు నెలలకోసారి కూర్చుందా, బాధితుడికి పరిహారం అందిందా అని మన పట్టికలో మూడూ అడగాలి. చాలామంది మొదటిదానితో ఆపేస్తారు, ఎందుకంటే జీవో నంబరు వేస్తే ఆ గడి నిండిపోతుంది.

పోడు భూముల (అడవిలో సాగుచేసుకుంటున్న భూముల) వరుస ఇంకొంచెం కష్టం. 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ తీర్మానంతో ఇబ్బంది ఉంటే అరవై రోజుల్లో సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడి నిర్ణయం మీద మరో అరవై రోజుల్లో జిల్లా స్థాయి కమిటీకి పోవచ్చు. 2012 సవరణ తర్వాత దావా తిరస్కరిస్తే కారణంతో సహా దావాదారుకు స్వయంగా తెలపాలి, ఆ తెలిపిన నాటినుంచే అరవై రోజులు నడుస్తాయి. ఇక్కడ గడువు గడిలో "60 రోజులు" అని రాసి వదిలేస్తే సగమే. లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందో కూడా రాయాలి. తిరస్కరణ కాగితమే చేతికి రానివాళ్లకు ఆ గడువు మొదలే కాలేదని చెప్పగలిగితే అదే ఆ వరుస వల్ల ఒరిగే లాభం.

పట్టికలో ముప్పై నుంచి నలభై వరుసలు చాలు. నూట ఇరవై వరుసల పట్టికను ఏ కలెక్టరేట్‌లోనూ ఎవరూ తిరగేయరు.

పైసల లెక్క

పనిదినాలుగా విడగొట్టి అడగండి, "మొత్తం ఇంత" అనే కొటేషన్ తీసుకోవద్దు. ఆరు జిల్లాల పనికి ఒక సహేతుకమైన విభజన: ఆరంభ నివేదికకు 5 రోజులు, చట్టాలు, పాత నివేదికల పరిశీలనకు 10, సభలకు 12, మొదటి ముసాయిదాకు 12, ధ్రువీకరణ సభలకు (ముసాయిదాను జనం ముందు పెట్టి సరిచూసుకునేవాటికి) 4, తుది రూపానికి 5. మొత్తం 48. ఉదాహరణకు రోజుకు రూ.8,000 చొప్పున ఒప్పుకుంటే ఫీజు రూ.3,84,000. కన్సల్టెంట్‌కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం, అంటే రూ.69,120 అదనం. బిల్లు రూ.4,53,120. ఏడాదిలో వృత్తిపరమైన ఫీజు రూ.50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాలి. బిల్లులో జీఎస్టీ విడిగా చూపితే ఫీజు మీదనే కోత, అంటే రూ.38,400. చేతికి పోయేది రూ.4,14,720. ఈ లెక్క ముందే కాగితం మీద పెట్టకపోతే "నాకు చెప్పింది చేతికొచ్చే మొత్తం కదా" అనే పంచాయితీ రెండో వాయిదా దగ్గర లేస్తుంది.

సభల ఖర్చు ఫీజులో కలపొద్దు. బండి, భోజనం, దుబాసీ, వచ్చినవాళ్లకు పోయిన కూలి విడి పద్దులో, మన చేతిలోనే ఉండాలి. కలిపేస్తే ఏమవుతుందంటే, పన్నెండు సభలు ఆరవుతాయి, తాడ్వాయిలో పెట్టాల్సింది హనుమకొండ హోటల్ హాల్‌కు మారుతుంది. ఆదా అయిన ప్రతి రూపాయీ కన్సల్టెంట్ జేబులో మిగిలే ఏర్పాటు చేసి, ఊళ్లు తిరగలేదని తప్పుబట్టడం న్యాయం కాదు.

విదేశీ విరాళాల చట్టం కింద వచ్చిన నిధితో చెల్లించే సంస్థలు రెండు చూసుకోవాలి. 2020 సవరణతో పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, న్యాయ, వృత్తిపరమైన ఫీజులు ఆ ఖర్చు జాబితాలోనే ఉన్నాయి. అదే సవరణ ఆ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని ఆపేసింది. కన్సల్టెంట్ వ్యక్తి కాకుండా ఇంకో స్వచ్ఛంద సంస్థ అయితే "గ్రాంటు" అనే మాట ఎక్కడా రాకూడదు, సేవకు బిల్లు, బిల్లుకు ఫీజు అంతే. సంతకానికి ముందే ఆడిటర్‌కు చూపించండి.

వాయిదాలు: ఆరంభ నివేదికకు 10 శాతం, పట్టిక తొలి రూపానికి 25, మొదటి ముసాయిదాకు 30, సభల తర్వాతి రెండో ముసాయిదాకు 20, తుది అప్పగింతకు 15. సగం అడ్వాన్సు ఇచ్చినచోట పని నత్తనడక నడుస్తుంది. సగం చివరికి ఆపినచోట కన్సల్టెంట్ నడుమ ఇంకో పని ఒప్పుకుని మనది రాత్రిళ్లు పూర్తిచేస్తారు. రెండో తప్పు చేసేవాళ్లు తాము జాగ్రత్తపరులమనుకుంటారు.

మనిషిని ఎంచుకోవడం

ప్రభుత్వ నిధి వాడితే నాణ్యత, ధర రెండింటికీ మార్కులు వేసే పద్ధతి ఉంటుంది. సొంత నిధి అయినా ఆ పద్ధతే మేలు, కాకపోతే తూకం ఎంతో దరఖాస్తులు తెరవకముందే ప్రకటించాలి. ఎందుకో అంకెల్లో చూడండి. మొదటి వ్యక్తికి సాంకేతిక మార్కులు 85, కోట్ చేసింది 6 లక్షలు. రెండో వ్యక్తికి 70, కోట్ 4 లక్షలు. ధర మార్కులు తక్కువ కోట్‌కు 100, ఎక్కువ దానికి దామాషాలో 66.67. తూకం 70:30 అయితే మొదటివారికి 79.5, రెండోవారికి 79. తూకం 60:40 చేస్తే మొదటివారికి 77.67, రెండోవారికి 82. కాగితాలు మారలేదు, మనుషులు మారలేదు, ఎంపిక మారింది. కవర్లు విప్పాక తూకం గురించి మాట్లాడేవాళ్లను కమిటీలో ఉంచుకోవద్దు.

బయోడేటా బరువు చూసి మోసపోకండి. హైకోర్టు వకీలు చట్టం బాగా చెప్తారు, సభలో ఇరవై నిమిషాలకు మించి వినలేకపోవచ్చు. ఉద్యమంలో పండినవారు బాగా వింటారు, రాయమంటే కరపత్రం రాస్తారు. రెండూ చేయగలవారు తక్కువ కాబట్టి ఒకరికి ప్రధాన బాధ్యత ఇచ్చి, రెండోవారికి 10, 12 రోజుల పని ఇవ్వడం ఆచరణలో నడిచే దారి. కాకతీయ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల, హైదరాబాద్ నల్సార్ నుంచి వచ్చినవాళ్లు, రిటైరైన కార్మిక శాఖ అధికారులు, జిల్లా కోర్టుల్లో అట్రాసిటీ కేసులు వాదించినవాళ్లు ఇలాంటి జట్టుకు సరిపోతారు.

ఇంటర్వ్యూకు ముందు రెండు గంటల రాతపరీక్ష పెట్టండి, దానికి కొంత గౌరవ వేతనం ఇవ్వండి. ప్రశ్న ఒక్కటి చాలు: "ఏటూరునాగారం మండలంలో ఒక పోడు దావా తిరస్కరించారు, కారణం చెప్పలేదు. దీనికి సంబంధించి 150 మాటల్లో ఒక నిబంధన రాయండి." పనికొచ్చే జవాబులో సబ్ డివిజన్ స్థాయి కమిటీ, తెలిపిన తేదీ, అరవై రోజులు, రాతపూర్వక కారణం ఉంటాయి. పనికిరాని జవాబు "ఆదివాసుల హక్కులను అన్ని స్థాయిల్లో గౌరవించవలెను" అని మొదలై అక్కడే తిరుగుతుంది.

ప్రయోజనాల ఘర్షణ ప్రకటన రాతలో తీసుకోండి. ప్రభుత్వ ప్లీడరుగా ఉన్నారా, గ్రానైట్, ఇసుక, గనుల కంపెనీలకు గడిచిన మూడేళ్లలో సలహా ఇచ్చారా, ఏదైనా పార్టీ పదవిలో ఉన్నారా. ఉన్నంత మాత్రాన పనికిరారని కాదు. ఏ అధ్యాయాలు వాళ్లు రాయకూడదో తెలుస్తుంది. పాత క్లయింట్లకు ఫోన్ చేసినప్పుడు "బాగా చేశారా" అని అడిగితే అందరూ బాగానే చేశారంటారు. "ఆ పత్రం ఇప్పుడు ఎక్కడుంది, చివరిసారి ఎవరు వాడారు" అని అడగండి.

ఇంకో సంగతి. వరంగల్ నేలకు హక్కుల మాట నిన్నమొన్న వచ్చింది కాదు. పౌర హక్కుల సంఘం ఉపాధ్యక్షుడు డాక్టర్ రామనాథం 1985 సెప్టెంబరు 3న ఈ నగరంలోనే హత్యకు గురయ్యారు. హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పారు. దశాబ్దాల నిజనిర్ధారణ నివేదికలు ఇక్కడ సంఘాల దగ్గర, పాత పుస్తకాల అలమరాల్లో ఉన్నాయి. పరిశీలనకు కేటాయించిన పది రోజుల్లో కనీసం నాలుగు వీటికి పెట్టాలని టీఓఆర్‌లో రాయండి. ఏ ఊళ్లో ఏ సమస్య ముప్పై ఏళ్లుగా నలుగుతోందో ఇంటర్నెట్‌లో దొరికే మాదిరి పత్రాల్లో ఉండదు.

సభలు ఎప్పుడు పెట్టాలి, ఏ భాషలో

అన్నిటికన్నా ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. హైదరాబాద్ నుంచి వచ్చిన కన్సల్టెంట్ తన డైరీ చూసి తేదీలు వేస్తారు. మన కేలండర్ వేరు. జూన్, జూలైల్లో విత్తనాలు, నాట్లు. జూలై, ఆగస్టుల్లో గోదావరి, జంపన్నవాగు పొంగితే ఏటూరునాగారం, మంగపేట, కన్నాయిగూడెం వైపు దారులు తెగుతాయి. అక్టోబరు నుంచి పత్తి ఏరుడు, ఆడవాళ్లు ఒక్కరూ దొరకరు. జనవరి దాటితే మిర్చి ఏరుడు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. రెండేళ్లకోసారి మేడారం జాతర ముందూ వెనకా నెలరోజులు ములుగు జిల్లా యంత్రాంగం మొత్తం తాడ్వాయిలోనే ఉంటుంది. ఇవన్నీ తీసేస్తే మైదాన మండలాలకు ఆగస్టు చివర నుంచి బతుకమ్మ ముందు దాకా, ఏజెన్సీకి పత్తి అయిపోయి ఇప్పపువ్వు రాలేలోపు కొంత సందు దొరుకుతుంది. జాతర ఏడాదైతే ఆ సందు కూడా సగమే. కాబట్టి పనికి ఆరు నెలలు సరిపోవు. 48 పనిదినాలను తొమ్మిది, పది నెలల మీద పరచాలి.

వారాలు కూడా చూడాలి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి (జనం ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం), ఆ రోజు ఏ శాఖాధికారీ రారు. అంగడి రోజున ఊళ్లో సభ పెడితే జనం ఉండరు, అంగడి దగ్గరే పెడితే వినేవాళ్లు ఉండరు. పారిశుధ్య కార్మికులు తెల్లవారకముందే పనికి దిగుతారు కాబట్టి వాళ్లతో మధ్యాహ్నం రెండు తర్వాతే. భూపాలపల్లి సింగరేణి కార్మికులకు షిఫ్టులను బట్టి రెండు విడతలు. ఉత్తర తెలంగాణ మొత్తాన్ని తీసుకుని పెద్దపల్లి ఇటుక బట్టీలను కూడా కలిపేటట్టయితే ఒడిశా కూలీలు వానలు పడకముందే వెళ్లిపోతారని గుర్తుంచుకోవాలి.

పన్నెండు సాధారణ సభలు, అంటే జిల్లాకు రెండు, వాటికి తోడు విడి బృందాలతో ఏడెనిమిది. ఒక్కో సభకు 25 నుంచి 30 మంది, రెండున్నర గంటలు. ముప్పై దాటితే మాట్లాడేది ఆరుగురే అవుతారు. సర్పంచి, అధికారి, బట్టీ సర్దార్ (కూలీలను తెచ్చే మేస్త్రీ) ఎవరున్నా మొదటి పది నిమిషాలు పలకరించి బయటికి వెళ్లాలని ముందే మాట తీసుకోవాలి. దుబాసీ కోయ గూడెంలో కోయవారే కావాలి, తండాలో లంబాడా మాట్లాడేవారు, బట్టీ దగ్గర ఒడియా తెలిసినవారు. సర్దార్‌తోనే తర్జుమా చేయించిన సభ నోట్సును చింపి పారేయొచ్చు. వినికిడి లోపం ఉన్నవాళ్ల సభకు సంజ్ఞా భాష తెలిసినవారు ఇద్దరు కావాలి, ఒకరే రెండున్నర గంటలు చేయలేరు.

సభలో ఎవరో ఒకరు తమకు జరిగిన అన్యాయం చెప్తారు. దాన్ని "ఉదాహరణ"గా నోట్సులో రాసుకుని వచ్చేయడం కన్సల్టెంట్ల అలవాటు. 1993 చట్టం సెక్షన్ 36(2) ప్రకారం ఘటన జరిగి ఏడాది దాటితే మానవ హక్కుల కమిషన్ విచారించదు. పది నెలల కిందటి లాకప్ దెబ్బల సంగతి మనం తుది నివేదికలో అచ్చువేసే నాటికి ఆ తలుపు మూసుకుపోతుంది. అందుకే ప్రతి సభకూ ఒక రెఫరల్ కాగితం ఉండాలి: ఘటన తేదీ, వ్యక్తిని చేరే దారి, అదే వారంలో ఎవరికి పంపాం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ సంస్థ ప్రతినిధి సభ బయట కూర్చుంటే చాలా పనులు అక్కడికక్కడే నడుస్తాయి. పేర్లు నోట్సులో రాయొద్దు, కోడ్ నంబర్లు వాడండి, ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా మన సంస్థలో ఒక్కరి దగ్గరే. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద, పిల్లల విషయంలో పోక్సో సెక్షన్ 23 కింద నేరం. కన్సల్టెంట్ ల్యాప్‌టాప్‌లోని ఫోటోలకు, రికార్డింగులకు కూడా అది వర్తిస్తుంది.

ముసాయిదా చేతికొచ్చాక

చదవడం మొదలుపెట్టకముందే వెతకాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. "తగు చర్యలు", "సంబంధిత అధికారులు", "కృషి చేయాలి", "వీలైనంత త్వరగా". కంప్యూటర్‌లో వెతికించి లెక్కబెట్టండి. ప్రతి చోటా ఒక హోదా, ఒక పని, ఒక గడువు రాయాల్సిన స్థలం ఖాళీగా ఉన్నట్టే.

తర్వాత కాపీ జాడలు. భారతీయ శిక్షా స్మృతి, సీఆర్పీసీ సెక్షన్లు కనబడితే ఆ ముసాయిదా పాతది. 2024 జూలై 1 నుంచి న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత అమల్లో ఉన్నాయి. అరెస్టు గురించిన సీఆర్పీసీ 41 ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 35, ఎఫ్ఐఆర్ గురించిన 154 ఇప్పుడు 173. వైకల్యాలు ఏడు అని ఉంటే 1995 చట్టం నుంచి ఎత్తారు, 2016 చట్టంలో 21 ఉన్నాయి. "వరంగల్ రూరల్ జిల్లా" అని ఉంటే చెప్పనక్కరే లేదు.

అంతర్జాతీయ ఒప్పందాల పేరాను విడిగా పరీక్షించాలి. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో, ఆర్థిక, సామాజిక హక్కుల ఒడంబడికలో భారత్ 1979లో చేరింది. పిల్లల ఒప్పందంలో 1992లో చేరింది, మహిళల వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని 1993లో, వికలాంగులదాన్ని 2007లో ధ్రువీకరించింది. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టింది గానీ ధ్రువీకరించలేదు. వలస కార్మికుల 1990 ఒప్పందంలో అసలు లేదు. ఉత్తర తెలంగాణ మొత్తాన్ని తీసుకున్నప్పుడు జగిత్యాల, నిజామాబాద్ గల్ఫ్ కార్మికుల అధ్యాయంలో "భారత్ ధ్రువీకరించిన వలస కార్మికుల ఒప్పందం" అని రాసిన ముసాయిదాను అధికారులు ఒక్క నిమిషంలో పక్కన పెట్టేస్తారు. మిగతా పేజీలు ఎంత బాగున్నా అప్పుడు ఎవరూ చూడరు.

మరో రెండు చోట్ల పొరపాటు పడతారు. మానవ హక్కుల కమిషన్ "ఆదేశిస్తుంది" అని రాస్తారు, 1993 చట్టం సెక్షన్ 18లో ఉన్నది సిఫారసు. సెక్షన్ 30 కింద జిల్లాకో మానవ హక్కుల కోర్టును నోటిఫై చేయొచ్చు, కాబట్టి ఫిర్యాదు గడిలో ఆ కోర్టు పేరు రాసేముందు మన జిల్లా నోటిఫికేషన్ కాపీ కన్సల్టెంట్ చేత తెప్పించుకోండి.

తీర్పుల ప్రస్తావనలకు ప్రతిదానికీ తీర్పు కాపీ, పేజీ నంబరుతో ఒక కట్ట అడగండి. అందులోంచి మీకు తోచిన పది తీసి మీరే చదవండి. ఏజెన్సీ భూముల మీద సమత తీర్పు 1997, అరెస్టుల మీద డీకే బసు మార్గదర్శకాలు పదకొండు, ఇలాంటివి అందరికీ తెలిసినవి కాబట్టి తప్పు దొరకదు. ఎవరూ వినని తీర్పులనే పట్టుకోండి. ఈమధ్య సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన లేని తీర్పులు కూడా ముసాయిదాల్లోకి వస్తున్నాయి. పదిలో ఒక్కటి లేకపోయినా మొత్తం కట్ట వెనక్కి.

తెలుగు ప్రతే అసలు ప్రతి, ఇంగ్లీషుది అనువాదం అని టీఓఆర్‌లో ఉండాలి. ఇంగ్లీషులో రాసి చివరి వారంలో తెలుగు చేయిస్తే ధ్రువీకరణ సభలో జనం ముందు పెట్టింది ఒకటి, కౌన్సిల్ ఆమోదించింది మరొకటి అవుతుంది.

ఒప్పందంలో మరవకూడనివి

కాపీరైట్ ముఖ్యం. బయటి కన్సల్టెంట్ రాసినదానికి మొదటి హక్కుదారు ఆయనే. డబ్బు ఇచ్చాం కాబట్టి మనదే అనుకోవడం పొరపాటు. 1957 చట్టం సెక్షన్ 19 ప్రకారం బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లే అని, ప్రాంతం రాయకపోతే భారత్ వరకే అని చట్టం అనుకుంటుంది. "కాపీరైట్ పూర్తి కాలానికి, ప్రపంచమంతటా" అనే నాలుగు మాటలు పెట్టించుకోండి.

సవరణలు రెండు విడతలు, ప్రతి విడతకూ మన వైపు నుంచి ఒకే కాగితంలో పదిహేను రోజుల్లో. ఏడు సంఘాలు ఏడు వాట్సాప్ సందేశాలు పంపితే తప్పు కన్సల్టెంట్‌ది కాదు. ఎన్నికల కోడ్ వస్తే గడువు అన్ని రోజులు పెరుగుతుంది, ఫీజు పెరగదు. ఇంటర్వ్యూకు వచ్చిన మనిషే పని చేయాలి, జూనియర్‌కు అప్పగించాలంటే మన అనుమతి రాతలో కావాలి.

చివరి 15 శాతం విడుదలకు ముందు చేతికి రావాల్సినవి: యూనికోడ్‌లో ఎడిట్ చేయగలిగే తెలుగు ఫైలు, పట్టిక ఎక్సెల్‌లో, తీర్పుల కట్ట, రెఫరల్ కాగితాల జాబితా, సభల నోట్సు, వ్యక్తుల సమాచారాన్ని తమ దగ్గర చెరిపేసినట్టు సంతకం. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో (యూనికోడ్ కానిదాంట్లో) కొట్టించిన పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే తీసుకోవద్దు. వచ్చే ఏడాది ఒక సెక్షన్ నంబరు మారితే దాన్ని మళ్లీ మొదటి నుంచి టైపు చేయించాల్సి వస్తుంది.